ఒక కంటిచూపు పోయినా.. కౌబాయ్ సినిమాలను ఓ ఆటాడుకున్నాడు! టెక్స్ ఏవరీ కథ ఇదీ..

గుర్రం మీద దూసుకొచ్చే విలన్.. ఎదురుగా చిట్టి కుక్క! ముఖంలో నవ్వు లేదు, భయం అసలే లేదు. ఆ డ్రూపీని సృష్టించింది టెక్స్ ఏవరీ.

1908లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో పుట్టారు. అసలు పేరు ఫ్రెడరిక్ బీన్ ఏవరీ. సొంత రాష్ట్రం పేరే ముద్దుపేరైంది. కెరీర్ మొదట్లో స్టూడియోలో కుర్రాళ్ల సరదా ఆటలో పేపర్ క్లిప్ వచ్చి తగిలింది. ఎడమ కంటిచూపు పోయింది. అయినా పెన్సిల్ వదల్లేదు.

1935లో వార్నర్ బ్రదర్స్‌లో డైరెక్టర్ అయ్యారు. 1940లో ‘ఎ వైల్డ్ హేర్’తో బగ్స్ బన్నీకి అసలైన రూపం ఇచ్చారు. తర్వాత ఎంజీఎంకు మారి, 1943లో డ్రూపీని తెచ్చారు.

ఇక వెస్టర్న్ సినిమాలపై సెటైర్లు మామూలుగా లేవు. 1945లో ‘వైల్డ్ అండ్ ఊల్ఫీ’ వచ్చింది. ‘డ్రాగ్-ఎ-లాంగ్ డ్రూపీ’లో అయితే గొర్రెల కాపరి డ్రూపీ, పశువుల ఆసామి తోడేలు మధ్య గడ్డి కోసం యుద్ధమే! కానీ అది 1954లో థియేటర్లకు వచ్చేసరికి ఏవరీ యూనిట్ లేదు. 1953లోనే ఎంజీఎం మూసేసింది.

అదే స్టూడియోలో టామ్ అండ్ జెర్రీకి 7 ఆస్కార్‌లు వచ్చాయి. ఏవరీ కార్టూన్లకు నామినేషన్లే మిగిలాయి. తర్వాత టీవీ యాడ్స్ తీశారు. చివర్లో పాత సహోద్యోగులు హన్నా, బార్బెరాల కంపెనీలోనే పనిచేస్తూ 1980 ఆగస్టు 26న కన్నుమూశారు.

ఆస్కార్ రాలేదు.. నవ్వు మాత్రం ఇంకా ఆగలేదు!