పుల్లల్లో చుట్టాలను చూసిన చిత్రకారుడు

మూలపేట: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చిపెట్టినపుడు కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. ఆ వేళ్లు, మోళ్లు మనకు పొయ్యిలోకి వంటచెరకు. అటువంటి ఎండుకర్రలనే ఏరి బొమ్మలుగా నిలబెట్టిన వారొకరున్నారు. ఆయన ఎవరో కాదు, భరతమాత చిత్రాన్ని గీసిన అవనీంద్రనాథ్ ఠాగూర్.

ఆయన 1871 ఆగస్టు 7న కలకత్తాలోని జోరాసాంకోలో జన్మించారు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు వరుసకు అన్న కుమారుడు. భరతమాతను 1905లో నీటిరంగులతో చిత్రించారు. నందలాల్ బోస్ ఆయన శిష్యుడే. ఆయన వేసిన బెంగాలీ బాటను బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చినవారు ప్రమోదకుమార్ చటర్జీ. ఆయన వద్ద నేర్చుకున్నవారే అడివి బాపిరాజు. ఆ లెక్కన అవనీంద్రులు తెలుగువారికీ గురువే.

1930లో అరేబియన్ నైట్స్ కథల బొమ్మలు వేశాక ఆయన కుంచె జోరు తగ్గింది. తర్వాత రామాయణాన్ని మన వీధి నాటకం వంటి జాత్రాగా తిరగరాస్తూ, ఆ పుటల్లో పత్రికల ప్రకటనలు, లేబుళ్లు కత్తిరించి అంటించారు. చదివి పారేసిన పత్రికకు ఇంతకంటె మంచి గతి ఉంటుందా!

1941 ఆయనకు గడ్డుకాలం. సరిగ్గా తనకు డెబ్బయ్యేళ్లు నిండిన రోజునే రవీంద్రులు కన్నుమూశారు. పుట్టి పెరిగిన ఇల్లు కూడా చేజారి, కుటుంబం బరానగర్‌లోని ఒక తోట ఇంటికి తరలిపోయింది. 2023 ఏప్రిల్‌లో పోర్టుకు శంకుస్థాపన జరిగి, పునరావాసం మాట విన్న మూలపేటవాసులకు ఇల్లు విడవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ముదిమిలో ఆయనకు తోడు నిలిచినవి ఈ పుల్లలే. రాలిన కొమ్మ, ఎండిన వేరు, వెదురు ముక్క ఏది కనబడినా తీసి అటూ ఇటూ తిప్పి చూసేవారు. ఒకదానిలో పక్షి, మరొకదానిలో మృగం, ఇంకొకదానిలో మనిషి కనబడేవారు. ఉలితో పెద్దగా చెక్కేవారు కారు. కర్రకున్న వంపు చెడకుండా, కావలసినచోట మరో ముక్క చేర్చి నిలబెట్టేవారు. అంతే. వాటిని కాటుమ్-కుటుమ్ అని పిలిచారు. బెంగాలీలో కుటుమ్ అంటే చుట్టం. ఇల్లు పోయిన పెద్దాయన చుట్టాలను చెట్ల కింద వెతుక్కున్నారన్నమాట.

రవీంద్రుల తర్వాత విశ్వభారతి ఆచార్య పదవి 1942లో ఆయనకు దక్కింది. 1951 డిసెంబరు 5న మరణించారు. పత్రికల ముక్కలు అంటించిన ఆ రామాయణం రాతప్రతి మరో అర్ధ శతాబ్దం పైగా ఆగి, ఆ అతుకులతో సహా ఉన్నదున్నట్టు అచ్చయింది.