ఇంటి భాషకి బళ్ళో చోటు

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజని చాలామందికి తెలుసు. కానీ తెలుగు కంటే ముందు ఆయన సవర భాష కోసం పనిచేశారని మన బ్యాచ్‌లో ఎంతమందికి తెలుసు?

గిడుగు వారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో గురజాడ గారితో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. జీతం 30 రూపాయలు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవాళ్ళు. వాళ్ళది ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుకీ ఒడియాకీ దానితో చుట్టరికం లేదు. ఇంట్లో సవర తప్ప ఇంకేదీ వినని పిల్లాడు బడికి వస్తే, అక్షరాలూ కొత్తే, టీచరు మాట్లాడే భాషా కొత్తే. అందుకని గిడుగు వారు ముందు తానే నేర్చుకోవడం మొదలుపెట్టారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. కొండల్లో తిరిగితే మలేరియా వచ్చింది, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు.

1911లో మద్రాసు ప్రభుత్వం ఆయన కృషికి డబ్బు ఇస్తామంది. నాకొద్దు, దాంతో సవర పిల్లలకి బడి పెట్టండి అన్నారాయన.

తర్వాత తెలుగు పిల్లల్ని చూస్తే వాళ్ళదీ దాదాపు అదే కష్టం. ఇంట్లో మాట్లాడేది ఒక తెలుగు, పరీక్షలో రాయాల్సింది గ్రాంథికం. వాడుక భాషలో చదువు చెప్పాలని పండితులతో ఏళ్ళ తరబడి వాదించారు. 1919లో దానికోసమే ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు. సవరనీ వదల్లేదు, 1931లో ఆ భాష మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకం అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940లో కన్నుమూశారు.

ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషుతో పెరిగిన మనకి ఈ కథ కొత్తేం కాదు. గలగలా మాట్లాడతాం, ఒక పేజీ రాయమంటే మాత్రం తడబడతాం. బళ్ళో చోటు దొరకని భాష నోటి దగ్గరే ఆగిపోతుంది. శ్రీకాకుళం, మన్యం జిల్లాల్లో ఇంట్లో సవర మాట్లాడుతూ బడికెళ్ళే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఆగస్టు 29 వాళ్ళ పండగ కూడా.