కాకతి గణపతిదేవ చక్రవర్తి

నాగరకతలు నదీతీరములందు పుట్టి సముద్రతీరములందు పెరిగెనని చరిత్ర చెప్పుచున్నది. నైలునది, సింధునది ఎట్లో మన కృష్ణవేణియు అట్టిదే. శాతవాహనులు తమ నాణెములపై ఓడ బొమ్మను ముద్రించిరి. రోము చక్రవర్తుల బంగారు నాణెములు ఆంధ్రదేశపు నేలలో దొరకినవి. కృష్ణాతీరపు బౌద్ధధర్మమును, శిల్పమును వర్తకుల ఓడలతోపాటు సింహళాదులకు సాగిపోయెను. ఓడలు నిర్భయముగా తిరిగినంతకాలము ధనమేగాక ధర్మమును విద్యయు దేశములు దాటును. ఈ సత్యము నెఱిగి, చిరకాలమునకు తెలుగుతీరమును మరల లోకమునకు తెఱచిన మహారాజు కాకతి గణపతిదేవుడు.

ఈతని రాజ్యారంభము శుభకరము కాదు. పెదతండ్రి రుద్రదేవుడు దేవగిరి యాదవులతోడి పోరున మడిసెను. తండ్రి మహాదేవుడును ఆ యాదవులతోడనే పోరి 1198 ప్రాంతమున నేలకొఱిగెను. గణపతిదేవుడు శత్రువులకు బందీ యయ్యెను. రాజులేని ఆ కాలమున సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యమును చెదరనీయక కాపాడెను. ఆతడే 1213లో పాలంపేట యందు రామప్పగుడిని నిర్మింపించిన పుణ్యాత్ముడు. ఆ ఆలయము 2021లో ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపబడినది. 1199లో యాదవరాజు చెఱవిడువగా గణపతిదేవుడు ఓరుగల్లు సింహాసనమెక్కి, 1262 వఱకు అఱువది మూడేండ్లు రాజ్యము చేసెను. చెఱలో నుండినవాడు గనుక పరుల చేత చిక్కినవాని భయమెట్టిదో ఈతనికి చెప్పవలసిన పని లేకుండెను.

తొలుత ఈతడు తీరాంధ్రముపై దృష్టి నిలిపెను. వెలనాటి పృథ్వీశ్వరుని జయించెను. దివిసీమపై దండెత్తి, ఓడిన ప్రభువుల యింటి ఆడపడుచులగు నారాంబను పేరాంబను పెండ్లియాడి పగను బాంధవ్యముగా మార్చెను. వారి సోదరుడు జాయపను ఓరుగల్లునకు తెచ్చి గజసేనకు అధిపతిని చేసెను. ఆ జాయసేనానియే 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను.

గణపతిదేవుని కీర్తికి ముఖ్యకారణము మాత్రము కత్తి కాదు, ఒక రాతిస్తంభము. అది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయమున నున్నది. శకవర్షము 1166, అనగా క్రీస్తుశకము 1244-45లో వేయబడిన శాసన మది. ఓడ తుపానుకు చెదరి పరతీరము చేరినచో అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును ఆ తీరపు రాజు బలాత్కారముగా గైకొనుట పూర్వరాజుల ఆచారము. ప్రాణములకు తెగించి సముద్రయానము చేసినవాడు గాలిదెబ్బ తప్పించుకొన్నను రాజుదెబ్బ తప్పించుకొనలేకుండెను. గణపతిదేవుడు ఈ ఆచారమును త్రోసివేసి, నిర్ణీతమైన సుంకము తప్ప వేఱేమియు తీసికొనబోమని వర్తకులకు అభయమిచ్చెను.

ఆ సుంకమెంత? ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు. ముప్పది వరహాల సరకునకు ఒక్క వరహా. చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టు, పగడము, మిరియములు మొదలగువాని పేర్లును శాసనమున కలవు. లెక్క తెలిసినవారికి ఇందలి గొప్పదనము వెంటనే స్ఫురించును. రేటు రాతిపై నున్నప్పుడు వర్తకుడు తన రేవున ఓడ నెక్కకముందే చెల్లింపవలసినది ఎంతో లెక్కవేసికొనగలడు. సుంకరి దానిని తన యిచ్చవచ్చినట్లు పెంచలేడు. ప్రజల చేతులను కట్టుటకు రాజులు శాసనములు వేయుట సామాన్యము. ఈ శాసనముచే రాజు తన చేతిని తానే కట్టుకొనెను.

ఇంచుమించు ఆ కాలముననే, 1215లో, ఇంగ్లాండు రాజు జాను వ్రాసియిచ్చిన మాగ్నాకార్టాలోను వర్తకుల రాకపోకలకు అభయము, అన్యాయపు సుంకములనుండి విముక్తి చెప్పబడినవి. కాని ఆ రాజు తిరుగబడిన సామంతుల ఒత్తిడికి లొంగి ఇచ్చెను. మన రాజు దయ, కీర్తి, ధర్మము తలంచి ఇచ్చెను.

తీరమున ఓడలకు అభయమిచ్చిన కాలముననే లోనాట చేనులకు నీరు సమకూడెను. పాఖాల చెఱువు ఆ కాలపుదే. డోర్నకల్లుకు సమీపమున నున్న బయ్యారము చెఱువు గణపతిదేవుని సోదరి మైలమాంబ త్రవ్వించిన ధర్మకీర్తి సముద్రము. కాకతీయుల తొలి పురుషుల పేర్లను తెలుపు శాసన మా చెఱువు కడనే లభించినది. రాజగురువు విశ్వేశ్వర శివాచార్యునకు గణపతిదేవుడు మందడము గ్రామమును వాగ్దానము చేయగా, కుమార్తె రుద్రమదేవి 1261లో మల్కాపుర శాసనముచే ఆ మాట చెల్లించెను. అచ్చట పాఠశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, వర్ణభేదము లేని అన్నసత్రము నడచెను.

కొడుకులు లేని గణపతిదేవుడు రుద్రమదేవిని రుద్రదేవ మహారాజను పేర రాజ్యమునకు సిద్ధపఱచెను. చివరిదినములలో నెల్లూరుసీమలో పాండ్యులచేత ఓడి, కత్తితో గెలిచిన దక్షిణభూములను పోగొట్టుకొనెను. 1323లో ఓరుగల్లే ఢిల్లీ సుల్తానుల వశమయ్యెను. కాని మోటుపల్లి మాట చెడలేదు. 13వ శతాబ్ది చివర వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యపు వజ్రములను, సన్నని నూలువస్త్రములను, న్యాయము తప్పని రాణిని ప్రశంసించెను. ఆ రాణి రుద్రమదేవియే యని చరిత్రకారుల అభిప్రాయము. 1358లో కొండవీటి అనపోతారెడ్డి ఆ రేవుననే వర్తకులకు మరల అభయశాసనము వేయించెను. కాకతీయ వంశము అంతరించి ముప్పదియైదేండ్లు గడచినను, వేఱొక వంశపు రాజు అదే త్రోవను నడచెను.

రాజ్యమునకు కోట ఎంత అవసరమో నమ్మకమును అంత అవసరము. పన్ను విధించువారును, చెల్లించువారును, లెక్క వ్రాయువారును మోటుపల్లి స్తంభమును మఱవరాదు. యువకులు బయ్యారము చెఱువుగట్టునకు ఒకమాఱు పోయి వచ్చి, పిదప గ్రంథాలయమున కాకతీయ చరిత్రమును చేతబట్టినచో, అందలి పేర్లు తమ ఊరి పెద్దల పేర్లవలె పరిచితములు కాగలవు.