సభ గడప మీద జాషువా

వినుకొండ దగ్గర ఒక పల్లెలో కొందరు యువకులు తమ వాడలోని కమ్యూనిటీ హాలును పాటల వేదికగా మార్చుకుంటున్నారు. వారానికి ఒక సాయంత్రం డప్పు, హార్మోనియం, పద్యం, పాట. టికెట్ లేదు. ఎవరు వచ్చినా కింద పరిచిన పట్టా మీదే కూర్చోవాలి. గోడ మీద అంబేద్కర్ పక్కన గుర్రం జాషువా ఫొటో పెట్టారు. ఆ ఫొటో కింద ఏం రాయాలో చెప్పమని మమ్మల్ని అడిగారు.

పద్మభూషణ్, కళాప్రపూర్ణ, నవయుగ కవి చక్రవర్తి అని రాసి ఊరుకోవచ్చు. సభల్లో సాధారణంగా అదే చేస్తారు. కానీ ఆ బిరుదుల్లో పెద్దవి జాషువాకు డెబ్బై ఏళ్లు దాటాక వచ్చాయి. అంతకుముందు ఆయన బతుకంతా సభల గడపల మీద నడిచింది. ఒక వేదికను తెరుస్తున్నవాళ్లు తెలుసుకోవలసింది ఆ గడపల కథే. అందుకే ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి ఇక్కడ చెబుతున్నాం.

వినుకొండ పిల్లవాడు

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. ఇప్పుడది పల్నాడు జిల్లా. తండ్రి వీరయ్య యాదవ కులస్తుడు. తల్లి లింగమ్మ మాదిగ. కులాంతర వివాహం చేసుకున్న క్రైస్తవ కుటుంబం. తండ్రి కులం ఏదైనా ఊరు మాత్రం ఆ పిల్లవాణ్ణి అంటరానివాడిగానే చూసింది. బడిలో కులం పేరుతో తిడితే జాషువా తలవంచుకుని పోలేదు, తిరగబడి కొట్టేవాడు. ఆయన చరిత్ర రాసినవాళ్లు దీన్ని చిన్ననాటి అల్లరిలా చెప్పి దాటేస్తారు. మేము మాత్రం దీన్ని ఆయన మొదటి నిరసనగా చూస్తాం.

చిన్నప్పటి నుంచే బొమ్మలు గీసేవాడు, పాటలు పాడేవాడు. తర్వాత కవిగా పేరు తెచ్చుకున్న దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయనకు బాల్య స్నేహితుడు. ఆ స్నేహంలో పద్యం మీద ఇష్టం పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఆ రోజుల్లో ఒక దళిత యువకుడు సంస్కృత కావ్యం చదవడమే పెద్ద సాహసం. నేర్పిన గురువుకూ అది చిన్న సాహసం కాదు.

అవధాన సభలో

మన ఊళ్లలో అప్పుడు పద్యానికి ఉన్న పెద్ద వేదిక అవధానం. పృచ్ఛకులు ప్రశ్నలు వేస్తుంటే అవధాని అక్కడికక్కడ పద్యం చెప్పాలి. ఊరి పెద్దలు ముందు వరుసలో కూర్చునేవారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది లైవ్ ప్రదర్శన. వినుకొండలో జరిగిన అలాంటి ఒక సభలో యువకుడైన జాషువా తాను రాసిన పద్యాలు చదివారు. ఆ పద్యాల బాగోగుల మీద చర్చ జరగలేదు. తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు లేచి గొడవ చేశారు.

ఛందస్సు తెలిస్తే, వ్యాకరణం తప్పకపోతే, సభ్యత పాటిస్తే సభ తనంతట తానే ఆదరిస్తుందని మనకు చెబుతుంటారు. జాషువాకు ఇవన్నీ ఉన్నాయి. అయినా గొడవ జరిగింది. కాబట్టి తక్కువైంది ఆయన చదువు కాదు. ఆ సభ తలుపులు ఎవరి కోసం పెట్టారన్నదే అక్కడి అసలు సమస్య. కొత్త వేదిక పెట్టేవాళ్లు మొదటి రోజే వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే.

చీకటి హాలులో గొంతు

1910లో మేరీతో పెళ్లయింది. మిషనరీ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగమూ పోయింది. పని వెతుక్కుంటూ రాజమండ్రి చేరి, 1915-16లో అక్కడ మూకీ సినిమాలకు కథ చెప్పే పని చేశారు. అప్పటికి సినిమాకు మాట రాలేదు. తెర మీద బొమ్మ కదులుతుంటే హాలులో ఒక మనిషి నిలబడి కథ చెప్పాలి, పాత్రల మాటలు పలకాలి, జనాన్ని కూర్చోబెట్టాలి. రోజూ అదే బొమ్మ, కానీ ప్రతి ఆటకూ గొంతు కొత్తగా పలకాలి.

ఈ ఉద్యోగాన్ని జీవిత చరిత్రలు ఒక వాక్యంలో ముగిస్తాయి. మేము ఇక్కడ కాసేపు ఆగుతాం. అవధాన సభలో మనిషి కనిపించాడు కాబట్టి అడ్డుకున్నారు. సినిమా హాలులో అందరి చూపూ తెర మీద ఉంటుంది, వినిపించేది గొంతు ఒక్కటే. చదువు రాని జనానికి ఒక్కసారి వింటే అర్థమయ్యేలా చెప్పడం ఆయనకు అక్కడ అలవాటై ఉంటుందని మా ఊహ. ఆయన పద్యం ఛందస్సులో ఉండి కూడా పామరుడి నోట నిలవడానికి ఆ అనుభవం కొంత కారణం కావచ్చు.

రాజమండ్రి నుంచి తిరిగి వచ్చాక గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. తర్వాత 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే తెలుగు పండితుడిగా ఉన్నారు. 1919లో వచ్చిన రుక్మిణీ కల్యాణంతో మొదలైన రచన ఆగలేదు. అయితే హిందూ పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన్ని దూరం పెట్టారు. సంఘంలో చోటు లేదు, సభలోనూ చోటు లేదు. రెండు గడపల మధ్య నిలబడిన మనిషి ఆయన.

గబ్బిలానికి ఉన్న దారి

1932లో ఫిరదౌసి వచ్చింది. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి తప్పిన గజనీ మహమ్మద్, మోసపోయిన పారశీక కవి, ఇదీ కథ. దూర దేశపు కథ చెబుతూనే, కళను వాడుకుని కళాకారుడికి కూలి ఎగ్గొట్టే దొరతనాన్ని జాషువా నిలదీశారు. ఈ రోజు డప్పు దళాన్ని ఊరేగింపుకు పిలిచి, రాత్రి అయ్యాక సగం డబ్బు చేతిలో పెట్టి పంపేవాళ్లకు ఆ కావ్యం ఇప్పటికీ వర్తిస్తుంది.

1941లో గబ్బిలం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో కబురు పంపేది తంజావూరు సీమకు చెందిన ఒక పేద అంటరానివాడు. ఆ కబురు ప్రేమ గురించి కాదు, ఆకలి గురించీ అంటరానితనం గురించీ. అది చేరవలసింది కాశీలోని శివుడికి. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉంది. పూజారి లేని వేళ చూసి శివుడి చెవిలో తన గోడు చెప్పమని దాన్ని వేడుకుంటాడు. పక్షికి తెరుచుకున్న చోటు మనిషికి మూసుకుపోవడం, మొత్తం కావ్యం ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. హనుమచ్ఛాస్త్రి దగ్గర నేర్చుకున్న కాళిదాసును జాషువా ఇలా వాడుకున్నారు.

కాటి సీను

పల్నాడు పల్లెల్లో పాత తరాన్ని ఏ నాటకం గుర్తుందని అడిగితే ఎక్కువమంది చెప్పేది సత్య హరిశ్చంద్ర. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. రాత్రంతా సాగే ఆ ఆటలో జనం నిద్ర ఆపుకుని ఎదురుచూసేది కాటి సీను కోసం. ఆ సీనులో హరిశ్చంద్రుడు రాగం తీసి పాడే పద్యాల్లో ప్రసిద్ధమైనవి బలిజేపల్లివి కావు. జాషువా శ్మశానవాటిక ఖండిక నుంచి నటులు తీసుకుని కలుపుకున్నవి. డి.వి. సుబ్బారావు లాంటి నటులు వాటిని పాడితే జనం వన్స్‌మోర్ అడిగి మళ్లీ పాడించుకున్నారు. రికార్డులు, క్యాసెట్ల ద్వారా అవి ఇంటింటికీ చేరాయి.

కథలో హరిశ్చంద్రుడు కాటికాపరి వీరబాహుకు అమ్ముడుపోయిన రాజు. ఆ పద్యాలు రాసింది దళిత కవి. చావు ముందు రాజూ పేదా ఒకటే అన్నది వాటి సారం. ఊరి నడిబొడ్డున పందిరి కింద ముందు వరుసలో కూర్చున్న పెద్దలు కన్నీళ్లు పెట్టుకుని విన్నారు. అదే ఆటను వాడ జనం ఎక్కడో చివర నిలబడి చూశారు. సభలోకి రానివ్వని మనిషి పద్యం సభ మధ్యలోకి వచ్చింది. మనిషి మాత్రం గడప బయటే ఉన్నాడు. మేము మాట్లాడినవాళ్లలో ఆ పద్యాలు నోటికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అవి జాషువావని తెలిసినవాళ్లు తక్కువ.

ఇది జాషువా ఒక్కడి సంగతి కాదు. కారంపూడిలో ఏటా కార్తీక మాసం చివర అయిదు రోజులు జరిగే వీరుల ఉత్సవాల్లో పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులు మాలలే. జీన్ రోఘైర్ ఇంగ్లీషులోకి తెచ్చిన పల్నాటి వీరుల కథ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా వచ్చింది. దానికి ఆధారం అలిశెట్టి గాలెయ్య పాడిన పాట. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి, కన్నమదాసు గురించి మనమంతా గొప్పగా చెప్పుకుంటాం. ఆ కథను తరతరాలుగా గొంతులో మోసినవాళ్ల పేర్లు మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో కనబడవు.

గండపెండేరం, రేడియో, శాసనమండలి

తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఆ పాదాన్ని తాకి తన జన్మ ధన్యమైందన్నట్టు మాట్లాడారు. ఒకప్పుడు గొడవ చేసిన అవధాన లోకంలోనే తలపండిన మహాకవి అలా వంగడం చిన్న విషయం కాదు. కానీ ఒక పెద్దమనిషి పెద్ద మనసును చూపించి, వ్యవస్థ మారిపోయిందని చెప్పేవాళ్లతో మేము ఏకీభవించం. గండపెండేరం తొడిగించుకున్న కవికి కూడా ఊళ్లలో ఇల్లు, భోజనం, గ్లాసు దగ్గర కులం అడ్డొచ్చింది.

1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. మూకీ సినిమా హాలులో మొదలైన గొంతు మళ్లీ కనబడకుండా వినబడే చోటికి చేరింది. 1964లో శాసనమండలి సభ్యుడయ్యారు. అదే ఏడాది క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన కూతురు హేమలత, గోరా కొడుకు లవణాన్ని కులాంతర వివాహం చేసుకున్నారు. జోగిని దురాచారం మీద పోరాడారు. తండ్రి పేరుతో జాషువా ఫౌండేషన్ పెట్టారు.

మాకున్న పేచీ

జాషువాను విమర్శ లేకుండా మొక్కమని మేము చెప్పడం లేదు. ఆయన గాంధీని ఎంతగానో అభిమానించారు, బాపూజీ కావ్యం రాశారు. రెండో ప్రపంచయుద్ధంలో ప్రభుత్వం కోసం యుద్ధ ప్రచారకుడిగా పనిచేశారు. ఛందస్సు వదలలేదు. అంబేద్కర్ మార్గంలో నడిచే విద్యార్థులకు వీటిలో కొన్ని మింగుడుపడవు. క్యాంపస్ చర్చల్లో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది, వినిపించాలి కూడా. కానీ 1985 కారంచేడు తర్వాత దళిత కవులు తమ ముందు నడిచినవాళ్లను వెతుక్కున్నప్పుడు గబ్బిలం దగ్గరికే వచ్చారు. ఛందస్సు ఆయనకు అలంకారం కాదు. నీకు రాదు అన్నవాళ్ల ముందు పెట్టిన సాక్ష్యం. ఈ తరం ఆ సాక్ష్యం చూపించాల్సిన పని లేకుండా పాడగలుగుతోందంటే, ఆ భారాన్ని ఒకాయన ముందే మోశారు.

ఫొటో కింద

ఆ యువకులకు మేము చెప్పింది ఇదీ. ఫొటో కింద పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ, ఊరు రాయండి. దాని కింద వినుకొండ సభలో జరిగిన సంగతిని రెండు ముక్కల్లో రాయండి. బిరుదులు ఆ తర్వాత. కాటి సీను పద్యం పాడిన ప్రతిసారీ అది ఎవరిదో ముందుగా చెప్పండి. వీరవిద్యావంతులను పిలిస్తే వాళ్ల పేర్లు బోర్డు మీద రాయండి, ఇస్తామన్న డబ్బు ఆ రాత్రే ఇవ్వండి. వాడలో ఆడపిల్లలు పాడటానికి వస్తే వాళ్లకు మైకు మొదట ఇవ్వండి. ఊళ్లోంచి ఎవరైనా వింటానికి వస్తే రానివ్వండి, అందరితో పాటు పట్టా మీద కూర్చోబెట్టండి.

పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. కొత్త జిల్లాలో కొత్త కార్యాలయాలు, కొత్త బోర్డులు వస్తున్నాయి. హాళ్లు, కళావేదికలు కూడా వస్తాయి. వాటిలో కొన్నింటికి జాషువా పేరు పెట్టవచ్చు. పేరు పెట్టడం సులువు. ఆ హాలులో సాయంత్రం ఎవరు పాడారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అని అడిగి చూడండి. వినుకొండ పల్లెలో ఆ చిన్న హాలు తాళంచెవి ప్రస్తుతానికి వాడలోనే ఉంది. మొదటి సాయంత్రం ఏ పద్యంతో మొదలుపెట్టాలో వాళ్లు ఇంకా తేల్చుకోలేదు. డప్పుతో మొదలుపెట్టి పద్యంలోకి వెళ్దామని ఒక కుర్రాడు అన్నాడు. మాకూ అదే బాగుందనిపించింది.