కార్మికుని కోసం కలం పట్టిన అప్టన్ సింక్లెయిర్

ఆదివారం పూజ ముగిశాక మాంసం కొని ఇంటికి తీసుకువెళ్లే కుటుంబాలు మన విచారణల్లో ఎన్నో ఉన్నాయి. కొట్టు శుభ్రంగా ఉందా, మాంసం తాజాదేనా అని మీరు తప్పక చూస్తారు. మరి దానిని కోసే మనిషి చేతికి గాయమైతే అతని ఇల్లు ఎలా గడుస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఈ రెండో ప్రశ్న అడగడానికే అమెరికాలో ఒక రచయిత పెద్ద నవల రాశారు. ఆయన దేశం మాత్రం మొదటి ప్రశ్నకే జవాబు చెప్పి ఊరుకుంది. ఆయన పేరు అప్టన్ సింక్లెయిర్.

సింక్లెయిర్ 1878 సెప్టెంబరు 20న బాల్టిమోర్ నగరంలో జన్మించారు. తండ్రి మద్యం అమ్మకాల ఉద్యోగి. చివరకు ఆ మద్యానికే ఆయన బానిస అయ్యారు. తల్లి పుట్టింటివారు కలిగినవారు. అందువల్ల బాలుడు కొన్నాళ్లు చౌక అద్దె గదుల్లో, కొన్నాళ్లు బంధువుల మేడల్లో పెరిగాడు. పేదరికం, సంపద రెండూ ఒకే కుటుంబంలో చూసిన ఆ చిన్న మనసులో, ఈ తేడా ఎందుకనే ప్రశ్న అప్పుడే పుట్టింది. పద్నాలుగేళ్ల ప్రాయంలో న్యూయార్క్ సిటీ కాలేజీలో చేరి, పత్రికలకు హాస్య తునకలు, సాహస కథలు రాస్తూ చదువుకున్నారు.

ఆ రోజుల్లో అమెరికా మాంసం వ్యాపారానికి చికాగో నగరం కేంద్రం. 1865లో అక్కడ యూనియన్ స్టాక్ యార్డ్స్ అనే పెద్ద పశువుల సంత ప్రారంభమైంది. పశువులు, పందులు, గొర్రెలు రైళ్లలో అక్కడికి చేరేవి. చుట్టూ మాంసం ఫ్యాక్టరీలు వెలిశాయి. వధించిన జంతువు కొక్కేనికి వేలాడుతూ వరుసగా కదిలి పోతుంటే, ఒక్కో కార్మికుడు రోజంతా ఒకే కోత కోయాలి. వరుస వేగం పెంచితే మనిషి కూడా వేగం పెంచాల్సిందే. నిలబడలేనివాణ్ణి పంపివేస్తే, ఆ పని కోసం తెల్లవారకముందే గేటు దగ్గర కాచుకున్నవారు ఎందరో. పోలండ్, లిథువేనియా, ఐర్లండ్ దేశాలనుండి వలస వచ్చిన ఆ కూలీలలో చాలామంది మన కథోలిక కుటుంబాలవారే. ఫ్యాక్టరీల పొగ మధ్యనే వారు తమ తమ భాషలలో ప్రార్థించుకోవడానికి దేవాలయాలు కట్టుకున్నారు.

1904 వేసవిలో ఆ కార్మికులు సమ్మె చేసి ఓడిపోయారు. అదే సంవత్సరం ఒక సోషలిస్టు వారపత్రిక సింక్లెయిర్ కు 500 డాలర్లు ఇచ్చి, వారి బ్రతుకు మీద నవల రాయమంది. ఆయన 7 వారాలు చికాగోలో ఉన్నారు. పాత బట్టలు వేసుకుని, చేతిలో అన్నం క్యారియర్ పట్టుకుని నడిస్తే ఆయనను ఎవరూ ఆపలేదు. పగలు ఫ్యాక్టరీలు తిరిగి, రాత్రి కూలీల ఇళ్లలో కూర్చుని వారి కథలు విన్నారు. ఒకనాడు అనుకోకుండా ఒక లిథువేనియా కుటుంబం పెళ్లి విందు చూశారు. నవల ఆ పెళ్లితోనే మొదలవుతుంది.

ఆ నవల పేరు "ది జంగిల్". ఎంత కష్టమొచ్చినా ఇంకా గట్టిగా పని చేస్తాననే యుర్గిస్ అనే యువకుడు, అతని ఇల్లు ఎలా చితికిపోయారో అందులో చూస్తాము. మాంసం ఊరబెట్టే గదుల్లో కార్మికుల వ్రేళ్లను ఆమ్లం తినివేస్తుంది. కత్తి జారితే బొటనవ్రేలు పోతుంది. గాలి, వెలుతురు లేని గదుల్లో క్షయ వ్యాపిస్తుంది. గాయపడి మంచాన పడితే జీతం ఉండదు. వీటి మధ్యలో కొద్ది పేజీలు మాత్రం మాంసం గురించి. చెడిపోయిన మాంసానికి రసాయనాలు కలపడం, ఎలుకలు తిరిగిన మాంసం సాసేజ్ లో కలిసిపోవడం ఆ పేజీల్లో ఉన్నాయి.

1906 ఫిబ్రవరిలో పుస్తకం వెలువడగానే దేశం అట్టుడికిపోయింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ ఇద్దరిని విచారణకు పంపారు. వారిలో ఒకరు చార్లెస్ నీల్, అంతకుముందు వాషింగ్టన్ లోని కథోలిక విశ్వవిద్యాలయంలో బోధించినవారు. నవలలో రాసిన ప్రతిదీ రుజువు కాలేదు. అయినా మురికి పట్టిన చెక్క బల్లలు, నేలమీద పారతో ఎత్తిన మాంసం, పనిచేసే గదుల ప్రక్కనే మరుగుదొడ్లు వారు కళ్లారా చూసి నివేదించారు. 1906 జూన్ 30న మాంసం తనిఖీ చట్టం వచ్చింది. వధకు ముందూ తర్వాతా ప్రభుత్వ ఇన్స్పెక్టరు పశువును పరీక్షించాలి, ఫ్యాక్టరీ శుభ్రంగా ఉండాలి అని అది శాసించింది.

మంచి చట్టమే. కానీ కూలి రేటు గురించి, వరుస వేగం గురించి, తెగిన వ్రేలికి పరిహారం గురించి అందులో ఒక్క మాట లేదు. తాను ప్రజల గుండెను తట్టబోతే, అది వారి కడుపుకు తగిలిందని సింక్లెయిర్ జీవితాంతం బాధపడ్డారు.

ఆయనలో లోపాలు లేకపోలేదు. 1918లో ఒక పుస్తకం రాసి, మన శ్రీసభతో సహా అన్ని మతసంస్థలను ఘాటుగా విమర్శించారు. ఆ మాటలు మనకు రుచించవు. అయితే 1891లోనే పదమూడవ లియో పోపుగారు తమ విశ్వలేఖలో న్యాయమైన కూలి, విశ్రాంతి కార్మికుని హక్కులని బోధించారని మరువరాదు. చికాగోలో ఆ బోధన నడిచి వచ్చిన రోజు కూడా ఉంది. 1939లో మాంసం కార్మికులు మళ్లీ సంఘంగా కూడినప్పుడు, సహాయ మేత్రాణులు బెర్నార్డ్ షీల్ గారు వారి బహిరంగ సభ వేదిక ఎక్కి నిలబడ్డారు. ఆ పేట విచారణ గురువులు వారితో కలిశారు. తర్వాతి సంవత్సరాలలో కంపెనీలు సంఘంతో ఒప్పందాలకు వచ్చాయి.

సింక్లెయిర్ 1934లో కాలిఫోర్నియా గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయారు. 1943లో మరో నవలకు పులిట్జర్ బహుమతి పొందారు. 1967 డిసెంబరులో కొత్త మాంసం చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసినప్పుడు, 89 ఏళ్ల ఆ వృద్ధుణ్ణి అధ్యక్ష భవనానికి ఆహ్వానించారు. 1968 నవంబరు 25న ఆయన కన్నుమూశారు.

ఈ కథ ఆయనతో ముగియలేదు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు అమెరికా మాంసం ఫ్యాక్టరీలలో భుజం భుజం రాసుకుంటూ నిలబడిన వేలాది కార్మికులకు జబ్బు సోకింది, కొందరు మరణించారు. వారిలోనూ వలస వచ్చిన పేదలే ఎక్కువ.

కాబట్టి ప్రియ పాఠకులారా, శుభ్రమైన ఆహారం కోరడం మన హక్కు. దానిని మనకు అందించే చేతికి న్యాయం కోరడం మన బాధ్యత. మాంసం కొట్టులోనైనా, రొయ్యల షెడ్డులోనైనా, హోటలు వంటగదిలోనైనా పని చేసేవారు మీ విచారణలోనే ఉండవచ్చు. చేతికి తొడుగు ఉందా, దెబ్బ తగిలితే వైద్యం ఎవరు చేయిస్తారు, ఆ రోజు కూలి ఇస్తారా అని వారిని అడగండి. మీరే యజమానులైతే ఆ జవాబు చెప్పవలసినవారు మీరే.