హిల్డె బ్రుక్
హిల్డె బ్రుక్ (మార్చి 11, 1904 - డిసెంబర్ 15, 1984) జర్మనీలో జన్మించిన ప్రముఖ అమెరికన్ మానసిక వైద్యురాలు. అనొరెక్సియా నెర్వోసా అనే ఆహార సంబంధ రుగ్మతపై చేసిన పరిశోధనలకు ఈమె ప్రసిద్ధురాలు.

జీవిత విశేషాలు
ఈమె డ్యూల్కెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించింది. వైద్యవిద్య పూర్తిచేసి పిల్లల వైద్యురాలైంది. 1933లో నాజీలు అధికారానికి రావడంతో స్వదేశం విడిచి ఇంగ్లాండుకు, 1934లో అమెరికాకు వెళ్ళింది. 1964 నుండి హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో ఆచార్యురాలిగా పనిచేసింది.

పరిశోధనలు
పిల్లల స్థూలకాయానికి గ్రంథుల లోపమే కారణమన్న నాటి అభిప్రాయాన్ని ఈమె న్యూయార్క్‌లో జరిపిన పరిశీలనలతో ఖండించింది. అనొరెక్సియా రోగులలో పలువురు ఎముకలు తేలేంతగా చిక్కిపోయినా ఆ సంగతిని గుర్తించలేరు. తమ దేహాకృతిని ఉన్నదున్నట్లు గ్రహించలేకపోవడం, ఆకలి వంటి శారీరక సంకేతాలను పోల్చుకోలేకపోవడం, తీవ్రమైన అసమర్థతాభావం ఈ వ్యాధి ముఖ్య లక్షణాలని 1962లో ప్రతిపాదించింది. 1978లో వెలువడిన "ది గోల్డెన్ కేజ్" గ్రంథం ద్వారా ఈ వ్యాధి గురించి సామాన్య పాఠకులకు తెలియజేసింది.

ప్రభావం
దేహాకృతి విషయంలో ఈమె చెప్పిన లక్షణం నేటికీ రోగనిర్ధారణ ప్రమాణాలలో ఉంది. అయితే తల్లి పెంపకానికి ఈమె ఇచ్చిన ప్రాధాన్యాన్ని తరువాతి పరిశోధనలు బలపరచలేదు. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ వ్యాధితో సంబంధమున్న 8 జన్యుస్థానాలను గుర్తించింది. కౌమారంలో ఉన్న రోగుల తల్లిదండ్రులను ప్రస్తుతం దోషులుగా కాక చికిత్సలో భాగస్వాములుగా పరిగణిస్తున్నారు.