ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్

పూర్వము తన రూపమును వ్రాయించుకొను భాగ్యము రాజులకే యుండెను. ఛాయాచిత్రకళ వచ్చిన పిమ్మట ఆ భాగ్యము వకీలునకు, వర్తకునకు, గుమాస్తాకు గూడ క్రమముగా లభించెను. కుర్చీలో నిటారుగా కూర్చుండి తీయించుకొనిన పటము గృహస్థుని పరువునకు గుర్తయ్యెను. ఈ కళలో మన దేశమున అగ్రగణ్యుడై, తెలుగునాట స్థిరపడి కీర్తి గడించినవాడు రాజా లాలా దీనదయాళ్.

ఈయన 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో రత్నవర్తకుల జైన కుటుంబమున జన్మించెను. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ మరామతు శాఖలో నక్షాలు గీయు ఉద్యోగమున చేరెను. 1874 ప్రాంతమున కెమేరా చేతబట్టెను. ఆ దినములలో గాజుపలకకు ద్రావకము పూసి, తడి యారకముందే పటము తీసి, వెంటనే చీకటిగదిలో కడుగవలసి యుండెను. హోల్కారు మహారాజును, సర్ హెన్రీ డేలీ దొరయు ఆయనను ప్రోత్సహించిరి.

పేరు వచ్చిన పిదప దీనదయాళ్ మొదట దీర్ఘకాలపు సెలవు పెట్టి, అటుపిమ్మట ఉద్యోగమునే విడిచెను. నెలజీతపు నిశ్చింతను వదలుకొనుట ఎంతటి సాహసమో ఉద్యోగస్థులమైన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, ముసవ్విర్ జంగ్ బిరుదమిచ్చి గౌరవించెను. సికిందరాబాదులో ఆయన స్టూడియో వెలసెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. ఘోషా పాటించు కుటుంబములలో పురుషుల పటములు గోడల కెక్కుచుండగా, పరపురుషుని యెదుట కూర్చుండరాదని స్త్రీలు వెనుకబడిపోయిరి. తల్లి రూపము బిడ్డలకు మిగులకుండ పోవుచుండెను. దీనదయాళ్ 1892లో హైదరాబాదున జనానా స్టూడియో నెలకొల్పెను. ఎత్తైన గోడల నడుమ నున్న ఆ స్థలమున పురుషులకు ప్రవేశము లేదు. కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత దానిని నిర్వహించెను. ఆయన ఆచారముతో కలహింపలేదు. ఆచారమునకు భంగము రాకుండ ఒక తలుపు తెరచెను. రాణుల పటములకంటె, రాజుల వేట పటములకంటె ఇదియే ఆయన చేసిన ఘనకార్యమని తోచును.

1896లో బొంబాయియందును స్టూడియో తెరచెను. 1897లో విక్టోరియా రాణి నుండి రాజముద్రతో కూడిన గౌరవము లభించెను. 1905 జూలై 5న పరమపదించెను. ఆయన గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ నున్నవి. 2006లో తపాలాశాఖ ఆయన స్మారకముగ బిళ్ల వెలువరించెను.

పుట్టిన చోటొకటి, కొలువు చేసిన చోటొకటి, పేరు తెచ్చిన చోటు మరొకటి. సూరత్ చెంత కడోదరాలో కాపురముండు తెలుగు కుటుంబములకు ఇట్టి జీవితము పరాయిది కాదు. చేరిన చోటి మర్యాదను గౌరవించుచు, అచటివారికి అక్కరకు వచ్చు పని యొకటి చేసి చూపుటయే ఆయన జీవితము మనకు నేర్పు పాఠము.